పెరట్లో విషపు పాము: ఎందుకు వచ్చింది, ఎలా ఆపాలి

విశాఖలో ఏ పేటకి వెళ్లినా ఎక్కడో ఒక కొండ కనిపిస్తూనే ఉంటుంది. ఎండాడ, మధురవాడ వైపు ఇళ్లు కంబాలకొండ అంచుదాకా వచ్చాయి. గోపాలపట్నం, పెందుర్తి దారిలో సింహాచలం కొండ పక్కనే ఉంటుంది. తొలకరి పడిందంటే ఈ ఇళ్ల పెరళ్లలో పాము కనబడడం మామూలే. దాన్ని చంపించేసి ఊపిరి పీల్చుకుంటే నెల తిరక్కుండా ఇంకోటి వస్తుంది, ఎందుకంటే మొదటిదాన్ని రప్పించిన కారణం అక్కడే ఉంది. పాము ఎలుక కోసమో, కప్ప కోసమో, చల్లటి నీడ కోసమో వస్తుంది. మీ పెరట్లో అందులో ఏది దొరుకుతోందో పట్టుకుంటే పని సగం అయినట్టే.

పాము ఇప్పుడే ఎదురుగా ఉంది

నిలబడ్డ చోటు నుంచి నెమ్మదిగా వెనక్కి జరగండి. పది అడుగుల దూరం ఉంటే మీకు, దానికి కూడా మంచిది. పిల్లల్ని, కుక్కని లోపలికి పంపి తలుపు వేయండి. ఒక్కరు మాత్రం దూరం నుంచి దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. అందరూ లోపలికి పరుగెత్తితే అది ఏ ఇటుకల సందులోకి దూరిందో తెలీదు, ఆ రాత్రంతా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. గదిలోకి వచ్చేసి ఉంటే ఆ గది తలుపు మూసి, కింద సందులో తడిగుడ్డ గట్టిగా కుక్కండి.

కర్ర, వేడినీళ్లు, కిరోసిన్, ఫినాయిల్ ఏవీ వద్దు. పారిపోయే దారి లేదనుకున్న పామే కాటేస్తుంది. చంపబోయి కాటు తిన్నవాళ్లు చాలామంది. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం కూడా. అటవీశాఖ ఆఫీసుకో, శిక్షణ పొందిన పాములు పట్టేవాళ్లకో ఫోన్ చేయండి. ఆ నంబర్లు ఈరోజే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. చేతులు వణుకుతున్నప్పుడు వెతుక్కోవడం కష్టం. పాము తనంతట తానే గోడ దాటి పోతుంటే పోనివ్వండి.

విషం ఉన్నదో లేనిదో తెలియడం లేదు

మన దగ్గర ఎక్కువ ప్రాణాలు తీసేవి నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు మందు ఈ నాలుగింటి విషానికి తయారైనదే. మాడుగుల వైపు కొండ ప్రాంతాల్లో గిరినాగు కూడా ఉంది. అది పాములనే తినే పాము, మనుషుల జోలికి వచ్చేది చాలా తక్కువ.

పొరపాటు జరిగేది పోలికల దగ్గర. రక్తపింజరి ఒళ్లు లావుగా, వీపు మీద గొలుసులా మూడు వరుసల గోధుమరంగు మచ్చలతో ఉంటుంది. దాన్ని చూసి "కొండచిలువ పిల్లేలే" అని చేత్తో ఎత్తబోయే వాళ్లున్నారు. ఇంతకంటే ప్రమాదకరమైన పొరపాటు ఇంకోటి లేదని నా అభిప్రాయం. దాని బుస ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు గట్టిగా, ఆగకుండా వినిపిస్తుంది. పొదల్లోంచి ఆ చప్పుడు వస్తే అడుగు ముందుకు వేయకండి.

కట్లపాముకి నల్లటి మెరిసే ఒంటి మీద సన్నటి తెల్లని కట్లు, చాలావరకు జంటలు జంటలుగా ఉంటాయి. తల వెనక కొంత దూరం దాకా కట్లు ఉండవు, లేదా మసకగా ఉంటాయి. తోక వైపు వెళ్లేకొద్దీ స్పష్టమవుతాయి. గోడలెక్కి బల్లుల్ని తినే గోధుమరంగు పాము ఒకటుంది, దానికీ ఇలాంటి పట్టీలే. కానీ దాని పట్టీలు మెడ దగ్గరే మొదలై తోక వైపు మాసిపోతాయి. దానికి విషం లేదు. జెర్రిపోతు పొడుగ్గా, పెద్ద కళ్లతో ఉంటుంది, అలికిడి కాగానే ఉరుకుతుంది. పడగ ఉండదు, విషమూ ఉండదు. పైగా ఎలుకల్ని బాగా తింటుంది.

అయితే నాగుపాము ప్రతిసారీ పడగ విప్పదు, ముసురు వెలుతురులో కట్లు లెక్కపెట్టలేం. అనుమానం ఉంటే విషపుదే అనుకుని మసలుకోండి.

పెరట్లో కుబుసం దొరికింది

పాము అక్కడికి వచ్చింది, ఒంటిని రాసుకోవడానికి గరుకైన చోటు దొరికింది అని అర్థం. ఇంకా అక్కడే ఉందని కాదు. కుబుసం సాగుతుంది కాబట్టి పాము దానికంటే కొంచెం పొట్టిగానే ఉంటుంది. ఒక పుల్లతో కుబుసాన్ని వెలుతురులో పరిచి, వీపు మధ్య వరుస చూడండి. అక్కడి పొలుసులు పక్కవాటికంటే పెద్దగా, ఆరు మూలలతో కనిపిస్తే కట్లపాము అయ్యే అవకాశం ఎక్కువ. ప్రతి పొలుసు మధ్యలో నిలువుగా గట్టి గీత ఉండి, తాకితే గరుగ్గా ఉంటే పింజరి కావచ్చు. నీటిపాముకి కూడా గీతలుంటాయి కాబట్టి అదొక్కటే చూసి తేల్చేయకండి. ఫోటో తీసి పాములు పట్టేవాళ్లకి పంపితే వాళ్లు చెప్పగలరు.

పట్టించిన కొద్దిరోజులకే ఇంకోటి వచ్చింది

ఇది అసలు సమస్య. దీనికి కారణం దాదాపు ఎప్పుడూ ఎలుకలే. ప్రహరీ అడుగున, తులసికోట చుట్టూ, మోటారు గది మూలల్లో గుండ్రటి బొరియలు, వాటి ముందు కొత్తగా తవ్విన మట్టి ఉన్నాయేమో చూడండి. పాము తనకు తానుగా బొరియ తవ్వుకోదు. ఎలుక తవ్విన దాంట్లోకి దూరి, ఎలుకను తిని, అక్కడే పడుకుంటుంది. ఎలుకలు ఎందుకున్నాయి? కోళ్లకి వేసిన నూకలు రాత్రంతా అలాగే ఉంటున్నాయి, మిగిలిన అన్నం గోడవతల పారేస్తున్నాం, చెత్తబుట్టకి మూత లేదు. ముందు ఇవి ఆపాలి. బొరియలు ఖాళీ అయ్యాక రాళ్లు కుక్కి సిమెంటుతో మూయించండి. ఎలుకలకి బోను మంచిది. విషం పెడితే, చచ్చిన ఎలుకను తిన్న పిల్లి, గుడ్లగూబ కూడా పోతాయి. ఎలుకల్ని పట్టేవి అవే.

రెండో కారణం సామాను గుట్టలు. ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకలు, పగిలిన టైల్స్, కొబ్బరి కమ్మలు, డొక్కలు ప్రహరీ పక్కన ఏళ్ల తరబడి పడుంటాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కూలిన చెట్ల కొమ్మలు వీధుల్లో ఎలా గుట్టలు పడ్డాయో ఊరివాళ్లకి గుర్తే. పెద్ద గాలివాన ఎప్పుడొచ్చినా ఆ కొమ్మల్ని పెరట్లో నిలవ ఉంచకుండా త్వరగా తీయించేయాలి.

గుట్ట తీసేటప్పుడే కాటుకి గురయ్యేది. పట్టపగలు మాత్రమే తీయండి. మోకాళ్లదాకా గంబూట్లు, మందపాటి గ్లౌజులు ఉండాలి. ముందు పొడవాటి కర్రతో గుట్టను నాలుగైదు సార్లు తట్టి కాసేపు ఆగండి. తర్వాత పైనుంచి ఒక్కో ఇటుకే తీయాలి. ఇటుక కిందకి వేళ్లు పోనివ్వకుండా గునపంతోనో ఇనుప కొక్కెంతోనో మీ వైపు లాగితే, కింద ఉన్నది అవతలి వైపు నుంచి పోతుంది. కట్టెలు నిలవ ఉంచక తప్పదంటే గోడకి దూరంగా, నేలకి అడుగు ఎత్తున స్టాండు మీద పేర్చండి.

పక్క ఖాళీ స్థలంలో తుప్పలు పెరిగితే మీరొక్కరే చేసేది తక్కువ. స్థలం యజమానికి చెప్పాలి, వినకపోతే నలుగురూ కలిసి జీవీఎంసీకి, అంటే విశాఖ నగరపాలక సంస్థకి, ఫిర్యాదు పెట్టాలి. ఈలోగా మీ గోడ వెంబడి మూడు నాలుగు అడుగుల మేర నేల శుభ్రంగా కనబడేలా ఉంచుకోండి. గోడ మీదికి వాలిన కొమ్మలు కొట్టించేయండి.

బాత్రూములో, వాషింగ్ మెషీన్ దగ్గర కనిపించింది

నీళ్లు బయటికి పోయే గొట్టం కొస చూడండి. చాలా ఇళ్లలో అది పెరట్లోకి నోరు తెరుచుకుని ఉంటుంది. ఇనుప జాలీ బిగించి, వారానికోసారి చెత్త తీస్తే చాలు. వెనక తలుపు కింద చిటికెనవేలు పట్టే సందుంటే పాముపిల్లకి అది దారే, రబ్బరు పట్టీ వేయించండి. ఏసీ పైపుల కోసం గోడకి చేసిన కన్నాలు పూడ్చండి.

ఇంకో గొలుసు కూడా ఉంది. రాత్రంతా వెలిగే పెరటి బల్బుకి పురుగులు, పురుగులకి బల్లులు, బల్లులకి ఇందాక చెప్పిన గోధుమరంగు పాము, దాన్ని తినడానికి కట్లపాము. అవసరమైనప్పుడే లైటు వేసుకోండి. కుళాయి కారి కింద ఎప్పుడూ తడి ఉంటే కప్పలు చేరతాయి, కప్పల వెనకాలే నాగుపాము.

నేల మీద పడుకునే ఇల్లు

కట్లపాము తిరిగేది రాత్రి. దాని కాటుకి నొప్పి, వాపు దాదాపు ఉండవు. ఒక్కోసారి గాటు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలవుతాయి. గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెడితే ప్రాణం పోతుంది. దీనికి చవకైన రక్షణ మంచం, దోమతెర. తెర అంచుల్ని పరుపు కిందకి దోపాలి. రాత్రి పెరట్లోకి వెళ్తే టార్చి, చెప్పులు తప్పనిసరి. బయట విడిచిన బూట్లు దులిపి తొడుక్కోండి.

పెరట్లో పుట్ట ఉంది

పుట్టను కట్టేది చెదలు. ఎలుకలు కన్నం పెట్టాకో, చెదలు వదిలేశాకో పాము చేరుతుంది. నాగులచవితికి పూజ చేసుకునే పుట్టయితే ఎవరూ తవ్వించుకోరు, తవ్వమని నేనూ చెప్పను. చుట్టూ తుప్పలు కొట్టించి, పిల్లలు చేతులు పెట్టకుండా నడుమెత్తు కంచె వేస్తే చాలు. పండగ ముందు శుభ్రం చేసే పని కూడా కర్రతో, పగటిపూటే. పాము పాలు తాగదు, పాలు, గుడ్డు కన్నంలో కాకుండా బయట పళ్లెంలో పెడితే భక్తికి లోటు రాదు. సాయంత్రానికి తీసేస్తే ఎలుకలూ చేరవు.

మందు చల్లినా వస్తున్నాయి

వస్తాయి. వెల్లుల్లి, గంధకం, సున్నం, ఫినాయిల్ పాముల్ని నిలువరిస్తాయని నమ్మడానికి ఆధారం లేదు. కార్బాలిక్ యాసిడ్ అయితే చర్మాన్ని కాల్చేస్తుంది, పిల్లలున్న ఇంట్లో ఆ సీసా ఉండకూడదు. ఆ డబ్బుతో జాలీలు కొనండి.

ఒకేసారి పిల్లలు కనిపించాయి

రక్తపింజరి గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, ఒక్కో ఈతలో ఇరవై, ముప్పై కూడా. వేసవి చివర, వానల మొదట్లో అవి కనిపిస్తాయి. పిల్లకీ పూర్తి విషం ఉంటుంది. ఒక్కటి దొరికితే మిగతావి దగ్గర్లో ఉన్నాయనుకుని పట్టేవాళ్లని పిలవండి. వాళ్లు వెతికి వెళ్లేదాకా పెరటి తలుపు మూసే ఉంచండి.

కాటు పడింది

2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారు, ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. ఆలస్యం కావడం అందులో పెద్ద కారణం. అందుకే చేయాల్సిన పనులు వరసగా గుర్తుంచుకోండి. మనిషిని కూర్చోబెట్టండి, నడవనివ్వకండి. ఉంగరం, గాజులు, మెట్టెలు, వాచీ వెంటనే తీసేయండి, వాపు వచ్చాక అవి రావు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రబద్ద పెట్టి గుడ్డతో వదులుగా కట్టండి. కాటు పడిన టైము రాసుకోండి. 108కి ఫోన్ చేయండి, అది ఆలస్యమయ్యేలా ఉంటే దొరికిన బండిలో బయల్దేరండి. వాంతులు అవుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, పసరు పోయడం వద్దు. మంత్రం వేసే పెద్దాయన మీద గౌరవం ఉంటే ఆయన్ని ఆసుపత్రికే రమ్మనండి, మనిషిని ఆయన దగ్గరికి తీసుకెళ్లకండి. పాము కోసం వెతకొద్దు. అది ఏదైనా ఇచ్చే మందు ఒకటే, లక్షణాలు చూసి డాక్టర్లు మొదలుపెడతారు.

విరుగుడు మందు, వెంటిలేటరు రెండూ ఉన్న ఆసుపత్రి కావాలి. ఊళ్లో ఉంటే కేజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రి మేలు. దూరంగా ఉంటే దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో మొదటి మోతాదు ఎక్కించుకుని రావచ్చు. అక్కడ కొంచెం రక్తం గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజరి విషం ఎక్కినట్టు. చిన్నపిల్లలకీ పెద్దవాళ్లంత మోతాదే ఇస్తారు, విషం అంతే ఎక్కుతుంది కాబట్టి, దానికి కంగారు పడకండి. ఏమీ కాలేదనిపించినా 24 గంటలు డాక్టర్ల కళ్ల ముందే ఉండండి. మధ్యలో డిశ్చార్జి అడగొద్దు.