ఛాయాచిత్ర పాఠాలు – 4: బాట కనుమరుగయ్యే చోటు

గత పాఠంలో విశాఖపట్నం ఆర్‌.కె. బీచ్‌ ఒడ్డున నిలబడి, నీరూ నింగీ కలిసే గీత ఏ పక్కకూ ఒరగకుండా ఫొటో తీయడం సాధన చేశాం. ఆ గీత చూపును ఆపుతుంది. ఈసారి తీసుకుంటున్న గీత చూపును వెంటబెట్టుకుని లోపలికి నడిపిస్తుంది. పార్కులో పలకలు పరిచిన నడకదారి, కొండ మీదికి మెట్లదారి, పొలాల మధ్య గట్టు, ఊరి చివర డొంక, వీటిలో దేన్ని తీసుకున్నా కెమెరా పట్టినవారికి ఎదురయ్యే చిక్కు ఒకటే: నడిచేటప్పుడు మనసుకు హాయిగా అనిపించిన దారి ఫొటోలోకి వచ్చేసరికి కింద వెడల్పుగా, పైన సన్నగా ఉన్న ఒక మట్టి త్రికోణమై చప్పగా మిగిలిపోతుంది.

నడిచేవారికి దారి పొడవునా గాలి, నీడ, ఆకుల చప్పుడు, పాదం కింద నేల తోడుంటాయి. ఫొటో చూసేవారికి అవేవీ అందవు; వారికి మిగిలేది ఆ మలుపు తరువాత ఏముందోనన్న కుతూహలం ఒక్కటే. అందువల్ల బాట ఫొటోలో అన్నిటికంటే ముందు చూసుకోవలసినది బాట కనుమరుగయ్యే చోటు అని నా అభిప్రాయం. అది చెట్టు చాటున కావచ్చు, గుట్ట నెత్తిన ఆకాశంలో కావచ్చు, పొగమంచులో కావచ్చు. ఆ చోట చెత్తకుండీయో, ఆగి ఉన్న కారో, ప్రకటన బోర్డో ఉంటే, ముందున్న దారి ఎంత అందంగా ఉన్నా చూపు పోయి పోయి దాని మీదే వాలుతుంది. కాబట్టి ముందుగా ఆ చోటును ఎంచుకుని, అది శుభ్రంగా కనబడేదాకా మీరు నిలబడే చోటును మార్చుకుంటూ రండి.

రెండోది, ఫ్రేమ్‌ అడుగు అంచులోకి బాట ఎక్కడ నుంచి ప్రవేశిస్తున్నది అనేది. నేర్చుకునేవారిలో చాలామంది దారికి నట్టనడుమ నిలబడతారు, ఎందుకంటే నడిచివచ్చింది అక్కడే. ఇరువైపులా ఒకే తీరున చెట్లున్న దారికి, తిన్నని మెట్ల వరుసకు ఆ నిలబడిక నప్పుతుంది. తక్కినచోట్ల రెండడుగులు పక్కకు జరిగి, బాట కింది అంచులో మూడోవంతు దగ్గర లోపలికి వచ్చేలా చూడండి. సరిగ్గా మూల నుంచి వచ్చేలా మాత్రం పెట్టకండి. అప్పుడు ఆ గీత ఫొటోను కత్తితో కోసినట్టు రెండు ముక్కలు చేస్తుంది. అలాగే బాట సగం దూరం పోయి పక్క అంచు గుండా బయటికి జారిపోతే, చూపు కూడా దానితోపాటే జారిపోతుంది. అటువంటప్పుడు కెమెరాను కొంచెం అటువైపు తిప్పి, ఆ మలుపు తిరిగి లోపలికి వచ్చేదాకా చోటివ్వాలి.

కెమెరా ఎత్తు విషయంలో ఒక అపోహ బాగా పాతుకుపోయింది. దారి ఫొటో అనగానే మోకాళ్ళ మీద కూర్చోవాలని ఎవరో చెప్పగా విని, అందరూ కూర్చుంటున్నారు. కెమెరా కిందికి దిగిన కొద్దీ దగ్గరి రాయి, ఎండుటాకు, గడ్డిపోచ పెద్దవవుతాయి, నిజమే. కానీ దూరాన ఉన్న నేల అంతా ఒక సన్నని పట్టీగా ముడుచుకుపోతుంది. తిన్నని బాటకు దానివల్ల నష్టం లేదు. పాములా మెలికలు తిరిగే బాటకు మాత్రం ఆ మెలికలే అందం, కిందికి దిగితే అవి ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. మెలికల దారి కనబడాలంటే ఎత్తు కావాలి: అరుగో, బండరాయో, వాలు పైభాగమో వెతుక్కోండి, ఏదీ లేకపోతే ఫోన్‌ను రెండు చేతులతో తల పైకెత్తి పట్టుకోండి. ఆ అరగజం ఎత్తు కూడా తేడా చూపిస్తుంది. విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో ఉన్న తొట్లకొండ ఎక్కేటప్పుడు నడుమ ఆగి, వచ్చిన దారివైపు తిరిగి చూడండి. ముందుకు చూస్తే కనబడని మలుపులన్నీ కింద పరుచుకుని, వాటి వెనక సముద్రం కనబడుతుంది. వర్షపు నీటి కోసం బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిపించిన తొట్ల వల్లనే ఆ కొండకు ఆ పేరు వచ్చిందంటారు. ఎక్కడం అయ్యేదాకా వెనుదిరిగి చూడనివారు సగం ఫొటోలు పోగొట్టుకున్నట్టే.

ఇక వెలుతురు. దీని మీద కొంత ఎక్కువసేపు నిలుద్దాం, ఎందుకంటే విశాఖపట్నంలో వెలుతురుకు ఈ తీరానికే చెందిన లెక్క ఒకటి ఉంది. ఇక్కడి నుంచి భీమిలి దాకా ఒడ్డు ఈశాన్య, నైరుతి దిక్కులను కలుపుతూ ఏటవాలుగా సాగుతుంది, అంటే సముద్రం మనకు తిన్నగా తూర్పున కాక ఆగ్నేయంగా ఉంటుంది. డిసెంబరు నెలాఖరులో సూర్యుడు ఆగ్నేయం వైపు జరిగి, సుమారు 6:25కి ఉదయిస్తాడు, కనుక సముద్రానికి ఎదురుగా ఉన్న కొండవాలు మీద వెలుగు ముఖాన కొట్టినట్టు పడి, మెట్లూ రాళ్ళూ నీడలు లేక బల్లపరుపుగా కనిపిస్తాయి. జూన్‌ నెలాఖరులో సుమారు 5:25కే, ఈశాన్యం వైపు జరిగి ఉదయిస్తాడు. అప్పుడు అదే వెలుగు ఒడ్డు వెంబడి పక్కనుంచి గీసుకుంటూ వచ్చి, తెన్నేటి పార్కు నడకదారిలోని ప్రతి పలక అంచునూ, కైలాసగిరి వాలు మీది ప్రతి మెట్టునూ విడివిడిగా చూపిస్తుంది. బాటకు పక్క వెలుగే మేలు, ఎందుకంటే నేల మీది గరుకుతనం నీడల వల్లనే కంటికి తెలుస్తుంది.

ఆ వెలుగు ఎంతసేపుంటుందో మీ నీడే చెబుతుంది. సూర్యోదయమైన గంటకు మన నీడ మన ఎత్తుకు నాలుగు రెట్లకు మించి సాగుతుంది. రెండో గంట ముగిసేసరికి సుమారు రెండు రెట్లకు కుంచించుకుపోతుంది. నేను నాలుగుకూ రెండుకూ నడుమ ఉన్న ఆ గంటలోనే పని ముగించుకుంటాను. మన అక్షాంశంలో మే రెండో వారంలోనూ, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఇది తెలియని రోజుల్లో నేను ఒక మే నెల మధ్యాహ్నం తొట్లకొండ దాకా వెళ్ళి, నీడ అన్నది లేని నేలను నలభై ఫొటోలు తీసి, ఒక్కటీ పనికిరాక, వడదెబ్బ ఒక్కటి మిగుల్చుకుని ఇంటికి వచ్చాను.

చెట్ల కింది దారి వేరే పరీక్ష. జాతీయ రహదారి పక్కన, జూకి ఎదురుగా ఉన్న కంబాలకొండ అభయారణ్యంలో ఎండ కాసే రోజు నడిస్తే, ఆకుల సందుల్లోంచి పడే వెలుగు మచ్చలు దారినిండా చిల్లర నాణేలు చల్లినట్టు ఉంటాయి. కంటికి అవి ముచ్చటగానే ఉంటాయి, ఎందుకంటే కన్ను వెలుగులోకీ నీడలోకీ క్షణక్షణం సర్దుకుంటుంది. కెమెరా ఒక్కసారే కొలుస్తుంది. నీడను చూసి కొలిచిందంటే మచ్చలన్నీ తెల్లగా కాలిపోయి, తిరిగి రాబట్టలేని చిల్లులుగా మిగులుతాయి. ఫోన్‌లో వెలుగు మచ్చ మీద వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచితే, ఎక్స్‌పోజర్‌, అంటే కెమెరా లోపలికి తీసుకునే వెలుగు కొలత, అక్కడే నిలిచిపోతుంది. కెమెరాలో అయితే ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్‌ (వెలుగు సగమో రెట్టింపో అయ్యే ఒక మెట్టు) తగ్గించండి. నీడలు కొంత నల్లబడినా తరువాత ఎత్తుకోవచ్చు. అంతకంటే సులువైన ఉపాయం మబ్బు పట్టిన రోజున వెళ్ళడం: అప్పుడు అడవి అంతా ఒకే మెత్తని వెలుగులో ఉండి, తడి ఆకుల పచ్చదనం, మట్టి రంగు నిండుగా వస్తాయి. పోలరైజర్‌ (లెన్స్‌ ముందు బిగించే, మెరుపు తగ్గించే ఫిల్టరు) ఉన్నవారు దాన్ని సముద్రం కోసం దాచుకోకుండా ఇక్కడ వాడండి. ఆకుల మీది తెల్లని మెరుపు తగ్గి అసలు పచ్చదనం బయటపడుతుంది, అయితే ఒకటిన్నర నుంచి రెండు స్టాప్‌ల వెలుగును అది తినేస్తుంది కనుక చేయి కదలకుండా చూసుకోవాలి.

భీమిలి దగ్గరున్న ఎర్రమట్టి దిబ్బల్లో చిక్కు రంగుది. వాన నీరు కోసిన ఆ ఇరుకు గాళ్ళలో నడుస్తూ ఫొటో తీస్తే, ఫ్రేమ్‌ అంతా ఎరుపే ఉండటం చూసి కెమెరా అది వెలుగు దోషమనుకుని చల్లబరిచేస్తుంది. తీరా ఇంటికి వచ్చి చూస్తే దిబ్బలు నీరసించిన గోధుమరంగులో ఉంటాయి. ఆటో వైట్‌ బ్యాలెన్స్‌ను, అంటే రంగులను కెమెరా తానే సరిదిద్దుకునే అమరికను, తీసివేసి, ఎండ గుర్తు మీద పెట్టండి. అక్కడ ఇంకొక మాట కూడా పాటించాలి. ఆ మట్టి గోడలు పాదం ఒత్తిడికే రాలిపోతాయి, కనుక ఎత్తు కోసం దిబ్బల మీదికి ఎక్కకండి. నేల మట్టం నుంచి దొరికే ఫొటోతోనే తృప్తి పడండి.

పొగమంచు కావాలంటే చలికాలంలో అరకు దారిలోని అనంతగిరి వైపు వెళ్ళాలి. కాఫీ తోటల్లో నిటారుగా పెరిగిన సిల్వర్‌ ఓక్‌ మాన్లకు మిరియపు తీగలు అల్లుకుని ఉంటాయి, వాటి నడుమ కూలీలు నడిచి నడిచి పడిన బాట పది గజాల అవతల మంచులో కరిగిపోతుంది. కనుమరుగయ్యే చోటు కోసం వెతుక్కోనవసరం లేని దారి అది. మంచు తెల్లదనాన్ని చూసి కెమెరా ఫొటోను బూడిదరంగుకు దింపుతుంది కాబట్టి, ఇక్కడ ఎక్స్‌పోజర్‌ను ముప్పావు నుంచి ఒక స్టాప్‌ దాకా పెంచాలి.

పరికరాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఫోన్‌లోని మామూలు లెన్సే చాలు. అతి వెడల్పు లెన్స్‌ దారి మొదలును పెద్దది చేసి, అది పోయి చేరే చోటును చీమంత చేస్తుంది. రెండు మూడు రెట్ల దూరపు లెన్స్‌ దానికి విరుద్ధంగా మలుపులను ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు చూపుతుంది, ఘాట్‌ రోడ్డుకు బాగుంటుంది. లెన్స్‌ మార్చుకునే పూర్తి ఫ్రేమ్‌ కెమెరా ఉన్నవారు 24 మి.మీ. లెన్స్‌ను ఎఫ్‌/11 మీద (లెన్స్‌ రంధ్రాన్ని బాగా చిన్నది చేసే అమరిక) ఉంచి రెండు మీటర్ల దూరానికి ఫోకస్‌ చేస్తే, దాదాపు ఒక మీటరు నుంచి దిగంతం దాకా స్పష్టంగా వస్తుంది.

దారిలో మనిషి ఉండాలా అని చాలామంది అడుగుతారు. ఉంటే చిన్నగా ఉండాలి, ఫ్రేమ్‌ ఎత్తులో పదోవంతుకు మించకుండా, బాట మలుపు తిరిగే చోటుకు కొంచెం ఇవతల. ఎదురుగా వచ్చే మనిషి ముఖం కథ అంతా తానే అయిపోతుంది. వెళ్ళిపోతున్న మనిషి వీపు మనల్ని కూడా వెంట రమ్మంటుంది. రెండు కాళ్ళూ విడివడి అడుగు పడే క్షణం దాకా ఆగి, సెకనులో 250వ వంతు షట్టర్‌ వేగంతో తీయండి. మాధవధార నుంచి సింహాచలం కొండకు వెళ్ళే మెట్లదారిలో తెల్లవారుజామున ఇటువంటి ఒంటరి బాటసారి దొరుకుతారు. ఆషాఢ పౌర్ణమికి జరిగే 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ నాడు మాత్రం ఈ సూత్రాలేవీ పనికిరావు. ఆ రోజు దారి కనబడదు, జనమే దారి. ముఖం గుర్తుపట్టేంత దగ్గరగా ఎవరినైనా తీస్తే అడిగి తీయండి. నౌకాదళ ప్రాంతాల వైపు, హెచ్చరిక బోర్డు కనబడిన ఏ గోడ వైపూ కెమెరా ఎత్తకండి.

ఈ పాఠానికి అభ్యాసం: ఇంటికి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక్క బాటను ఎంచుకోండి, అది సెంట్రల్‌ పార్కులోదైనా మీ వీధి చివర గోర్జి అయినా సరే. ఒక రోజు ఎండలో, ఒక రోజు మబ్బులో వెళ్ళి, ప్రతిసారీ నాలుగు ఫొటోలే తీయండి: నడుమ నిలబడి ఒకటి, పక్కకు జరిగి ఒకటి, ఎత్తు నుంచి ఒకటి, వెనుదిరిగి ఒకటి. ఎనిమిదింటినీ ఫోన్‌ తెరమీద తపాలా బిళ్ళంత చిన్నవి చేసి, తలకిందులుగా తిప్పి చూడండి. అలా చూసినప్పుడు కూడా చూపు తిన్నగా బాట కనుమరుగయ్యే చోటుకే వెళితే ఆ ఫొటోను ఉంచుకోండి, మధ్యలో దేనికైనా తగులుకుంటే అదేమిటో కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కాగితం అయిదో పాఠానికి, అంటే వాన వెలిసిన తరువాత తడిసిన దారులను తీయడానికి, కావలసి వస్తుంది.