ఇంట్లో సముద్రం – 5వ పాఠం: ఫీడర్ ఎన్ని గ్రాములు వేస్తోంది?

ఇంట్లో ఉప్పునీటి చేపల ట్యాంకు పెట్టుకునే ఈ పాఠాల్లో, పోయిన పాఠం నాటికి ట్యాంకు సైకిల్ (అమోనియాను మార్చే బ్యాక్టీరియా స్థిరపడటం) పూర్తయింది. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాయి. ఓసెలారిస్ క్లౌన్ చేపల జంట, నాలుగైదు చిన్న డాంసెల్ చేపలు నీళ్లలోకి దిగాయి. సరిగ్గా ఇక్కడే చాలామంది ఒక ఆటో ఫీడర్ (వేళకి తనంతట తానే మేత వేసే పరికరం) కొని, మూతకు బిగించి, డబ్బా నిండా మేత పోసి ఊపిరి పీల్చుకుంటారు. రెండు నెలలు తిరక్కుండానే అద్దాల మీద గోధుమ రంగు పొర, రాళ్ల మీద పచ్చటి నాచు. ఇక లైటు తగ్గించాలా, ఫిల్టరు మార్చాలా అని టెన్షన్ మొదలవుతుంది. రోజుకు ఎన్ని గ్రాముల మేత లోపలికి పోతోందని అడిగి చూడండి, పదిమందిలో ఒక్కరు కూడా చెప్పలేరు. ఈ పాఠం అంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందు లెక్క చేద్దాం. కష్టమేం లేదు, ఎనిమిదో తరగతి కూడికలు, భాగహారాలే.

మేత డబ్బా వెనక ప్రోటీన్ శాతం రాసి ఉంటుంది. సముద్ర చేపల గుళికల్లో అది 45 దగ్గర ఉండటం మామూలే. ప్రోటీన్‌ని 6.25తో భాగిస్తే నైట్రోజన్ వస్తుంది. అంటే 1 గ్రాము మేతలో 450 మిల్లీగ్రాముల ప్రోటీన్, అందులో 72 మిల్లీగ్రాముల నైట్రోజన్. చేప తిన్నా, తినకుండా వదిలేసినా, ఆ నైట్రోజన్‌లో ఎక్కువ భాగం అమోనియాగా నీళ్లలోకి వస్తుంది. బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రోజన్‌ని నైట్రేట్ లెక్కలోకి తేవాలంటే 4.43తో గుణించాలి. 72 మిల్లీగ్రాములు కాస్తా 319 అవుతాయి. ఫాస్ఫరస్‌ని చాలా కంపెనీలు డబ్బా మీద వేయవు. 1 శాతం అనుకుందాం. గ్రాముకు 10 మిల్లీగ్రాములు, 3.07తో గుణిస్తే సుమారు 31 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్.

ఇప్పుడు మన ట్యాంకు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అంటే 9 ఘనపుటడుగులు, 255 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన వదిలే ఖాళీ తీసేస్తే అసలు నీళ్లు 200 లీటర్లకు అటూ ఇటూ. రోజుకు 0.4 గ్రాములు వేస్తున్నామనుకోండి. నైట్రేట్ రోజుకు 0.64, వారానికి 4.5 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) పెరుగుతుంది. ఫాస్ఫేట్ వారానికి 0.43. ఇది గరిష్ఠ లెక్క. చేప ఒంటికి పట్టేది కొంత, స్కిమ్మర్ (నీళ్లలోని మురికిని నురగతో బయటికి తీసే పరికరం) లాగేది కొంత, నాచు తినేది కొంత పోను మిగిలేది ఇంతకంటే తక్కువే. కానీ గరిష్ఠం తెలియనిదే ఏది ఎంత పని చేస్తోందో తెలియదు.

“వారం వారం పది శాతం నీళ్లు మారుస్తున్నాం కదా” అంటారు. దాన్నీ చూద్దాం. వారంలో పెరిగేదాన్ని, మార్చే నీళ్ల వంతుతో భాగించండి. నైట్రేట్ చివరికి ఎక్కడ నిలబడుతుందో తెలుస్తుంది. 4.5ని 0.1తో భాగిస్తే 45. అంటే స్కిమ్మర్ లాంటివేవీ లేకుండా, పది శాతం నీళ్ల మార్పు మీదే ఆధారపడితే నైట్రేట్ మెల్లగా 45 దాకా ఎక్కి అక్కడ ఆగుతుంది. ఇరవై శాతం మారిస్తే 22. అదే మేత రోజుకు 1 గ్రాము పడుతుంటే, పది శాతం మార్పుతో 112! నీళ్లు మోసి నడుం పడిపోవడమే మిగులుతుంది. మేత సగానికి తగ్గిస్తే ఆ అంకె కూడా సగానికి దిగుతుంది, బకెట్ ముట్టుకోకుండానే. అందుకే నా మట్టుకు నైట్రేట్‌కి అసలు కుళాయి ఫీడర్ మీద మేత రాలే సందుని మూసే ఆ చిన్న ప్లాస్టిక్ గేటే.

ఫీడర్ కొలత

మార్కెట్లో దొరికేవాటిలో ఎక్కువ డ్రమ్ము రకమే. గుండ్రటి డబ్బా సమయానికి ఒక చుట్టు తిరుగుతుంది, పక్కనున్న సందులోంచి మేత రాలుతుంది. సందుకి జరిపే గేటు ఉంటుంది. దాని మీద గీతలు ఉంటాయి గానీ గ్రాములు ఉండవు. కాబట్టి మనమే కొలవాలి. నగల షాపుల్లో వాడే బుల్లి డిజిటల్ త్రాసు ఒకటి కొనండి, 0.01 గ్రాము వరకు చూపించేది.

మేత 1 మిల్లీమీటరు గుళికలైతే మేలు. రేకుల మేత ఫీడర్‌లో పొడి పొడి అవుతుంది, నీటి పైన తేలుతూ నేరుగా, పై నీళ్లు కిందికి దిగే దారైన ఓవర్‌ఫ్లోలోకి పోతుంది. డ్రమ్ము సగం నింపండి. గేటు అతి చిన్న గీత మీద పెట్టి, మాన్యువల్ బటన్‌తో రెండు చుట్లు ఉత్తగా తిప్పండి, లోపల గుళికలు సర్దుకుంటాయి. ఇప్పుడు త్రాసు మీద తెల్లకాగితం పెట్టి సున్నా చేసి, ఫీడర్‌ని దాని పైన పట్టుకొని పది చుట్లు తిప్పండి. 3.1 గ్రాములు వచ్చిందా, చుట్టుకు 0.31. మనకు పొద్దున 0.2, సాయంత్రం 0.2 కావాలి. గేటు ఇంకొంచెం మూసి మళ్లీ పది చుట్లు. కావలసిన అంకె వచ్చాక గేటు పక్కన పర్మనెంట్ మార్కర్‌తో గీత గీయండి. తర్వాత డ్రమ్ములో మేత పావు వంతుకు తగ్గించి ఇంకోసారి కొలవండి. చాలా ఫీడర్లు నిండుగా ఉన్నప్పుడు ఒకలా, ఖాళీ అవుతున్నప్పుడు ఇంకోలా వేస్తాయి. ఆ తేడా ఎక్కువగా కనిపిస్తే డ్రమ్ము ఎప్పుడూ పావుకీ సగానికీ మధ్యలోనే ఉంచండి.

తేమ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మే నెలలో తిరుపతి ఎండకి ట్యాంకు మీద ఫ్యాన్ పెట్టి, గదిలో ఎయిర్ కూలర్ తిప్పుతాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ఏ కాలమైనా ట్యాంకు నుంచి లేచే ఉప్పు తడి ఫీడర్ సందు దగ్గరే చేరుతుంది. అక్కడ నాలుగు గుళికలు ఉబ్బి అతుక్కుంటే చాలు, రెండు రోజులు ఏమీ రాలదు, మూడో రోజు ముద్దగా ఊడిపడుతుంది. ఫీడర్‌ని నీటికి జానెడు ఎత్తులో, ఫ్యాన్ గాలి ట్యాంకు మీదుగా వచ్చి తగలని వైపు బిగించండి. డ్రమ్ములో వారానికి సరిపడా మేతే పోయండి. సిలికా జెల్ పూసలు విడిగా డ్రమ్ములో వేయకండి, మేతతో పాటు అవీ నీళ్లలో పడతాయి. వాటి చోటు మేత డబ్బాలోనే.

టైమింగ్ విషయంలో ఒక్కటే పట్టింపు. లైటు వెలిగిన అరగంట తర్వాత మొదటి మేత, ఆరిపోవడానికి రెండు గంటల ముందు రెండోది. రాత్రి పూట వద్దు. మేత పడేటప్పుడు రిటర్న్ పంపు (కింది తొట్టి అయిన సంప్ నుంచి నీళ్లను తిరిగి ట్యాంకులోకి పంపేది) పది నిమిషాలు ఆగేలా టైమర్ పెట్టుకుంటే గుళికలు సంప్‌లోకి కొట్టుకుపోవు. ఆ ఏర్పాటు కుదరకపోతే నీటి మీద తేలే మేత రింగు ఒకటి చాలు.

కరెంటు పోతే సంగతేంటి? ఫీడర్ చాలావరకు బ్యాటరీతో నడుస్తుంది, పంపులు కరెంటుతో. కరెంటు పోయినప్పుడు నీళ్లు కదలవు, ఆక్సిజన్ పడిపోతుంటుంది, ఫీడర్ మాత్రం తన డ్యూటీ తను చేసేస్తుంది. ఎండాకాలంలో ఇది ఇంకా ప్రమాదం. సముద్రపు నీళ్లలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 30 డిగ్రీల్లో 6.2 మాత్రమే. పైగా వేడికి చేపలకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ఇన్వర్టర్ ఉంటే రిటర్న్ పంపు, లేదంటే కనీసం చిన్న ఎయిర్ పంపు అయినా దాని లైన్‌కి కలపండి. ఇన్వర్టర్ లేని ఇంట్లో, కరెంటు పోగానే తనంతట తాను మొదలయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టాకే ఫీడర్ పెట్టండి. ఈ వరస మార్చొద్దు.

ఇక చుట్టాలు. తిరుపతిలో ఇల్లుంటే దర్శనానికి వచ్చే చుట్టాలకు కొదవుండదు. కోనేట్లో చేపలకు బొరుగులు వేసిన అలవాటుతో ట్యాంకు ముందు నిలబడతారు. “పాపం, నోరు తెరుచుకోని చూస్తా ఉండాయి, నాలుగు బొరుగులు వేస్తే ఏం పోతుంది నాయనా?” అని పెద్దమ్మ అడిగితే నైట్రేట్ పాఠం చెప్పలేం కదా. ఏడు గళ్ల మాత్రల డబ్బా ఒకటి తెచ్చి, గడికి 0.1 గ్రాము చొప్పున గుళికలు పోసి ఫ్రిజ్ పక్కన పెట్టండి. వేయాలనుకున్నవాళ్లు ఆ రోజు గడి వేస్తారు, సరదా తీరుతుంది. ఆ వారం ఫీడర్ సాయంత్రం మోతాదు అంత మేరకు తగ్గించండి. పెద్ద మేత డబ్బా మాత్రం బీరువాలోకి పోవాలి.

మీరే ఊరెళ్తుంటే? ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు రెండు మూడు రోజులు మేత లేకపోయినా ఏమీ కావు. ప్రయాణం ముందు రోజు కొత్త ఫీడర్ బిగించడం కంటే ఖాళీ కడుపే నయం. మీరు ఇంట్లో ఉండగా కనీసం వారం నడిచిన ఫీడర్‌నే నమ్మండి.

అంకెలు చదవడం

పరీక్ష ప్రతి ఆదివారం, నీళ్లు మార్చక ముందు, ఒకే వేళకి. నైట్రేట్ కిట్ కొనేటప్పుడు అది నైట్రేట్ చూపిస్తుందా, నైట్రేట్-నైట్రోజన్ చూపిస్తుందా అని కాగితం చదవండి. రెండోదైతే 4.43తో గుణించాలి. ఫాస్ఫేట్‌కి రంగు చూసి పోల్చే కిట్లు తక్కువ అంకెల్లో పనికిరావు. హన్నా చెకర్ లాంటి చిన్న మీటరు తీసుకోండి. అందులోనూ హెచ్‌ఐ736 మోడల్ ఫాస్ఫరస్‌ని పీపీబీల్లో (పీపీఎంలో వెయ్యో వంతు) చూపిస్తుంది. 20 అని వస్తే 3.07తో గుణించి 1000తో భాగించాలి, 0.06 పీపీఎం ఫాస్ఫేట్.

మనది చేపల ట్యాంకే. రాతి పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది కాబట్టి, సముద్రం నుంచి తీసిన పగడం గానీ లైవ్ రాక్ (జీవులు అంటుకొని ఉన్న సముద్రపు రాయి) గానీ చవగ్గా ఇస్తానన్నవాళ్లకు ఓ దండం పెట్టి వచ్చేయండి. చేపలకైతే నైట్రేట్ 20 లోపు హాయి, 40 దాటితే పని మొదలుపెట్టాలి. ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే నాచు అదుపులో ఉంటుంది. రెండూ సున్నా వచ్చాయని సంబరపడొద్దు. పోషకాలు పూర్తిగా అయిపోయిన ట్యాంకుల్లోనే డైనోఫ్లాజెలేట్లనే గోధుమ రంగు జిగురు తీగలు ఎక్కువగా తలెత్తుతాయి. అప్పుడు మేత కొంచెం పెంచడమే మందు.

నైట్రేట్ ఎక్కువగా, ఫాస్ఫేట్ మామూలుగా ఉంటే మొదట మీరు కలుపుతున్న నీళ్లను పరీక్షించండి. బోరు నీళ్లలో నైట్రేట్ ఉండొచ్చు. ఇంట్లో తాగే ఆర్వోలో రుచి కోసం కాస్త మామూలు నీళ్లు మళ్లీ కలిపే ఏర్పాటు ఉంటే, దాని గుండా అదీ వస్తుంది. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) సున్నా చూపించే డీఐ నీళ్లే (లవణాలన్నీ తీసేసిన నీళ్లే) వాడాలని 2వ పాఠంలో చెప్పుకున్నాం. నీళ్లు బాగానే ఉంటే, 20 శాతం చొప్పున మూడు వారాలు మార్చండి. ఆ మూడు వారాల్లో కొత్తగా చేరేది తక్కువైతే 40 ఉన్నది 20కి దిగుతుంది.

ఫాస్ఫేట్ మొండిది. నీళ్లలో ఎక్కువైనప్పుడు సున్నపు రాళ్లు దాన్ని పట్టుకుంటాయి, నీళ్లలో తగ్గినప్పుడు తిరిగి వదులుతాయి. ఫాస్ఫేట్‌ని పట్టుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలు పెట్టిన మూడో రోజు 0.05కి దిగి, పదో రోజుకి మళ్లీ 0.2 కనిపిస్తే మీటరు పాడైందనుకోకండి, రాళ్లు పాత బాకీ కక్కుతున్నాయి. ప్యాకెట్ మీద చెప్పిన దాంట్లో సగంతో మొదలుపెట్టి, వారం వారం కొలుస్తూ కొనసాగించండి.

విదేశాల్లో నైట్రేట్ తగ్గించడానికి ట్యాంకులో వోడ్కా పోసేవాళ్లున్నారు. వెనిగర్‌తోనూ అదే పని జరుగుతుంది, కిరాణా కొట్లో అడిగితే ఎవరూ ఎగాదిగా చూడరు. అయితే అది బ్యాక్టీరియాను పెంచే పద్ధతి. ఆ బ్యాక్టీరియా ఆక్సిజన్ తాగుతుంది, స్కిమ్మర్ సరిగ్గా కుదరనిదే దాని జోలికి పోకూడదు. స్కిమ్మర్ పాఠం తర్వాత దాని సంగతి చూద్దాం.

ఈ రెండు వారాలూ చేయాల్సింది ఇది. ఫీడర్‌ని పైన చెప్పినట్టు కొలిచి రోజుకు 0.4 దగ్గర పెట్టండి. నోటు పుస్తకంలో ప్రతి ఆదివారం తేదీ, మేత గ్రాములు, నైట్రేట్, ఫాస్ఫేట్, నీటి వేడి రాయండి. మధ్యలో మేత, నీళ్ల మార్పు, లైటు ఏదీ మార్చొద్దు. రెండు ఆదివారాల మధ్య నైట్రేట్ ఎంత పెరిగిందో చూసి, దాన్ని 4.5లోంచి తీసేయండి. మొదటి ఆదివారం నీళ్లు మార్చాక పడిపోయిన అంకె నుంచి పెరుగుదల లెక్కించాలి, మార్చక ముందు అంకె నుంచి కాదు. వచ్చిన తేడా మీ ట్యాంకు వారానికి తనంతట తాను వదిలించుకుంటున్న నైట్రేట్. స్కిమ్మర్ కప్పులో చేరే నీళ్లు టీ రంగులో ఉన్నాయా, పలచగా ఉన్నాయా అని కూడా పక్కన రాసి పెట్టండి. 6వ పాఠంలో స్కిమ్మర్ ఎత్తు సరిచేసేటప్పుడు ఈ రెండూ కావాలి.