చేతిలో కెమెరా – 4వ పాఠం: పరిమాణం వేరు, నాణ్యత వేరు

పోయిన పాఠంలో షట్టర్ మీటను సగం నొక్కి ఫోకస్ కుదుర్చుకోవడం నేర్చుకున్నాం. ఈసారి మెనూ తెరుద్దాం. కెమెరా కొన్న రోజున ఒకసారి చూసి, ఆ తరువాత చాలామంది ముట్టుకోని అమరికలు రెండు అందులో ఉంటాయి. ఒకటి చిత్ర పరిమాణం, రెండోది నాణ్యత. రెండూ ఒకటే అనుకోకండి.

పరిమాణం అంటే ఫొటోలో ఎన్ని చుక్కలు ఉండాలన్న లెక్క. ఆ చుక్కనే పిక్సెల్ అంటాం. 12 మెగాపిక్సెళ్ల కెమెరాలో ‘ఎల్’ (లార్జ్, అంటే అన్నిటికంటే పెద్ద పరిమాణం) పెడితే అడ్డంగా 4000, నిలువుగా 3000, మొత్తం కోటీ 20 లక్షల చుక్కలు. అన్నిటికంటే చిన్నది చాలా కెమెరాల్లో 640 అడ్డం, 480 నిలువు. అంటే మూడు లక్షల పైచిలుకు మాత్రమే.

నాణ్యత అంటే ఆ చుక్కలను ఎంతగా అదిమి కార్డులో దాచాలన్నది. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు తలా ఒక బైటు చొప్పున రాస్తే కోటీ 20 లక్షల చుక్కలకు 36 ఎంబీ కావాలి. కార్డులో చూస్తే ఫైలు నాలుగైదు ఎంబీలే ఉంటుంది. ఇది 1992లో ప్రమాణంగా వచ్చిన జేపెగ్ పద్ధతి చేసే పని. అది చిత్రాన్ని 8 అడ్డం, 8 నిలువు చుక్కల గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో మన కన్ను అంతగా పట్టించుకోని సన్నని తేడాలను వదిలేస్తుంది. వెలుగునీడల తేడాలను పట్టినంత బాగా రంగుల తేడాలను కన్ను పట్టలేదు. అందుకే రంగుల సమాచారాన్ని మరింత ఎక్కువగా కోసేస్తుంది. ‘ఫైన్’ అంటే తక్కువ కోత, ‘నార్మల్’ అంటే ఎక్కువ కోత. నికాన్ కూల్‌పిక్స్ కెమెరాల్లో ఈ రెండు అమరికలూ ఒకే జాబితాలో కలిసి ఉంటాయి. మెగాపిక్సెళ్ల అంకె పక్కన నక్షత్రం గుర్తు ఉంటే అది తక్కువ కోత. కొన్ని కెమెరాల్లో నాణ్యత అమరికే ఉండదు, పరిమాణం ఒక్కటే మన చేతిలో ఉంటుంది.

ఈ పాఠాన్ని నేను ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల క్రితం మా అమ్మమ్మ నెల్లూరు నుంచి చెన్నై వచ్చినప్పుడు మెరీనాలో నీళ్ల అంచున నిలబెట్టి ఫొటో తీశాను. కార్డులో ఎక్కువ ఫొటోలు పట్టాలని ఆ రోజు 640 పరిమాణం పెట్టుకున్నాను. ఆమె పోయిన తరువాత ఆ ఫొటోను 8 అంగుళాలు, 10 అంగుళాల పటం కట్టిద్దామని స్టూడియోకు వెళ్లాను. అంగుళానికి 60 చుక్కలే వచ్చాయి. ముఖం మీది ముడతలు, ముక్కుపుడక, అన్నీ కలిసిపోయి మరకలయ్యాయి. దగ్గర నుంచి చూడటానికి అంగుళానికి 300 చుక్కలు ఉంటే బాగుంటుంది. 4, 6 అంగుళాల ప్రింటుకు ఆ లెక్కన 1200, 1800 చుక్కలు, అంటే 2 మెగాపిక్సెళ్ల పైన చాలు. అదే ఏ4 కాగితం నిండా కావాలంటే 9కి దగ్గరగా కావాలి. ఏ ఫొటో రేపు గోడ మీదికి వెళుతుందో తీసేనాడు మనకు తెలియదు. కెమెరాలో వదిలేసిన చుక్కలను తరువాత ఏ కంప్యూటరూ ఉన్నవి ఉన్నట్టు తిరిగి తేలేదు.

కనుక ‘ఎల్’, ‘ఫైన్’ పెట్టి ఉంచండి. ఫైలు 5 ఎంబీ అనుకున్నా 16 జీబీ కార్డులో మూడు వేల ఫొటోలు పడతాయి. ఊరు కాని ఊళ్లో కార్డు నిండిపోయి, ఏదో ఒకటి తగ్గించక తప్పకపోతే ముందు ‘నార్మల్’కు దిగండి, పరిమాణం జోలికి వెళ్లకండి.

ఇక అభ్యాసం. పొద్దున ఏడింటికి చెన్నై మైలాపూరులోని కపాలీశ్వరాలయం తూర్పు గోపురానికి ఎదురుగా నిలబడండి. ఎండ నేరుగా బొమ్మల మీద పడుతుంది. జూమ్ కదపకుండా, నిలబడ్డ చోటు మారకుండా మూడు ఫొటోలు తీయండి: ఎల్ ఫైన్, ఎల్ నార్మల్, చివరగా అతి చిన్న పరిమాణం. ఇంటికి వచ్చి కంప్యూటర్లో నూరు శాతం సైజులో, అంటే ఫొటోలోని ఒక్కో చుక్క తెర మీద ఒక్కో చుక్కగా కనబడేలా తెరిచి, గోపురం అంచు ఆకాశాన్ని తాకే చోట చూడండి. నార్మల్‌లో బొమ్మల చేతుల చుట్టూ, నున్నగా ఉండాల్సిన నీలంలో సన్నని మురికి గీతలు, గళ్లు కనబడవచ్చు. కొన్ని కెమెరాల్లో ఈ తేడా చాలా స్వల్పం. మీ కెమెరాలో ఎంతో మీ కళ్లతోనే తేల్చుకోండి. చిన్న పరిమాణంలో మాత్రం వెతకనక్కరలేదు, పై అంతస్తుల బొమ్మలకు కళ్లూ ముక్కూ ఉండవు.

అక్కడే ఉన్నప్పుడు 16:9 (అడ్డం 16 వంతులు, నిలువు 9 వంతులు) అమరిక కూడా ఒకసారి పెట్టి చూడండి. కెమెరాను అడ్డంగా పట్టుకుంటే గోపురం కలశాలు తెగిపోతాయి. టీవీ తెరకు సరిపోయే ఆకారం కోసం 4:3 చిత్రంలో పైనా కిందా కలిపి నాలుగో వంతు కోసేయడమే అది. 4:3లోనే తీసి, ఇంటికి వచ్చాక కావలసినట్టు కత్తిరించుకోవచ్చు. అయితే 4, 6 అంగుళాల ప్రింటు ఆకారం 3:2. ఆ ప్రింటులో తలలు తెగకుండా పైన కొంచెం ఖాళీ వదిలి తీయండి.

కత్తిరించేటప్పుడు అసలు ఫైలు మీదే భద్రపరచకండి. జేపెగ్‌ను మార్చి భద్రపరిచిన ప్రతిసారీ మళ్లీ కోత పడుతుంది. నకలు తీసుకుని దాని మీద పని చేయండి.

ఆ మూడు గోపురం ఫొటోలను చెరపకుండా ఉంచుకోండి. వచ్చే పాఠంలో అదే చోటికి సాయంత్రం దీపాల వేళ వెళ్లి ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అమరిక) మార్చి తీద్దాం. పొద్దుటి ఎల్ ఫైన్ ఫొటోను పక్కన పెట్టుకుని పోల్చి చూడాలి.