నాణేలు, స్టాంపులు తోటి హాబీ మిత్రులకు అమ్మేటప్పుడు పేమెంట్ ఛార్జీలు లేకుండా డబ్బు తీసుకోవడం ఎలా?

మీ దగ్గర రెండేసి ఉన్న నాణేల్లో ఒకటి 5,000 రూపాయలకు అమ్మారనుకుందాం. డబ్బు పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకుని మీకు చేర్చే సంస్థ) లింక్ ద్వారా తీసుకుంటే మామూలుగా 2 శాతం ఛార్జీ, ఆ ఛార్జీ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. అంటే 118 రూపాయలు పోయినట్టే. అదే 20,000 రూపాయల లాట్ (ఒకేసారి కలిపి అమ్మే కొన్ని వస్తువులు) అయితే 472 రూపాయలు. అమ్మకాల సైట్ ద్వారా వెళ్తే దాని కమిషన్ వేరు. లాభం కోసం కాకుండా సరదా కోసం నాణేలు, స్టాంపులు పోగుచేసేవాళ్లకు ఇది చిన్న మొత్తం కాదు, పోస్టు ఖర్చు అందులోనే వచ్చేస్తుంది.

మన దేశంలో ఇద్దరు మనుషులు ఒకరికొకరు డబ్బు పంపుకోవడానికి పైసా కూడా కట్టక్కర్లేని దారులు ఉన్నాయి. కాకపోతే గేట్‌వేలు, సైట్లు తీసుకునే డబ్బులో కొంత, గొడవ వస్తే మధ్యలో నిలబడి తేల్చినందుకు. ఛార్జీ వద్దనుకుంటే ఆ పని మనమే చేసుకోవాలి. అందుకే కింద చెప్పినవాటిలో సగం డబ్బు పంపే పద్ధతుల గురించి కాదు, నమ్మకం గురించి.

1. ముందు బేరం ఎక్కడ కుదిరిందో చూసుకోండి

కొనేవాళ్లు ఒక అమ్మకాల సైట్‌లో మీకు దొరికితే, ఆ అమ్మకం అక్కడే పూర్తి చేయండి. సైట్ వాళ్లు వెతికిపెట్టిన మనిషిని బయటికి తీసుకెళ్లి కమిషన్ ఎగ్గొట్టడం నిబంధనలకు విరుద్ధం. ఖాతా మూసేస్తారు, పైగా అది న్యాయం కూడా కాదు. ఇక్కడ చెప్పేదంతా ఎగ్జిబిషన్‌లోనో, తెలిసినవాళ్ల ద్వారానో, హాబీ బృందంలోనో నేరుగా పరిచయమైన వాళ్ల మధ్య లావాదేవీల గురించి.

2. మొత్తాన్ని బట్టి దారి ఎంచుకోండి

లక్ష రూపాయల లోపు అయితే యూపీఐ చాలు. బ్యాంకు ఖాతా నుంచి బ్యాంకు ఖాతాకు వెళ్లే యూపీఐకి పంపేవాళ్లకూ, అందుకునేవాళ్లకూ ఛార్జీ లేదు. 2,000 దాటితే 1.1 శాతం కోస్తారని 2023లో జరిగిన ప్రచారం విని ఇప్పటికీ భయపడేవాళ్లున్నారు. అది వాలెట్ నుంచి వ్యాపారులకు కట్టే డబ్బుకు సంబంధించింది, అదీ వ్యాపారి వైపు లెక్క. ఇద్దరు వ్యక్తుల మధ్య లావాదేవీకి దానితో సంబంధం లేదు. కొనేవాళ్లు పాయింట్ల కోసం క్రెడిట్ కార్డుతో కడతామంటే మాత్రం మీ వ్యక్తిగత క్యూఆర్‌కు ఆ డబ్బు రాదు. ఖాతా నుంచే పంపమనండి.

అంతకంటే పెద్ద మొత్తానికి నెఫ్ట్ (బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే పద్ధతి) మేలు. సేవింగ్స్ ఖాతా నుంచి నెట్ బ్యాంకింగ్‌లోనో, యాప్‌లోనో చేసే నెఫ్ట్‌కు ఛార్జీ తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. 2020 జనవరి నుంచి అది అమల్లో ఉంది. 2019 డిసెంబర్ నుంచి నెఫ్ట్ రోజంతా, సెలవుల్లో కూడా పనిచేస్తోంది. అదే నెఫ్ట్ బ్రాంచికి వెళ్లి చేయిస్తే మొత్తాన్ని బట్టి 25 రూపాయల దాకా, పైన జీఎస్టీ పడొచ్చు. డబ్బు వెంటనే చేరే ఐఎంపీఎస్ పద్ధతికి కొన్ని బ్యాంకులు చిన్న ఛార్జీ వేస్తాయి, కాబట్టి తొందర లేకపోతే నెఫ్టే నొక్కమనండి.

అసలు డబ్బే అక్కర్లేని దారి మార్పిడి. మీ దగ్గర ఎక్కువున్నవి ఇచ్చి, లేనివి తెచ్చుకోవడం. సమాన విలువ కుదరకపోతే తేడా మాత్రం యూపీఐలో సరిచేసుకోవచ్చు. నా ఓటు ఎప్పుడూ దీనికే, ఎందుకంటే ఇద్దరి ఆల్బమ్‌లూ నిండుతాయి.

3. వస్తువును కళ్లకు కట్టినట్టు చూపించండి

గొడవలు ఎక్కువగా డబ్బు దగ్గర కాదు, “ఫోటోలో ఇలా లేదు” అన్న మాట దగ్గర మొదలవుతాయి. 1940 నాటి ఆరో జార్జి వెండి రూపాయి అమ్ముతున్నారనుకోండి. బొమ్మ వైపు, అంకె వైపు, అంచు, మూడూ పగటి వెలుగులో తీయండి. ఫ్లాష్ వేస్తే గీతలు మాయమవుతాయి. డిజిటల్ తూకం మీద పెట్టి తెరమీది అంకె కనిపించేలా ఇంకో ఫోటో తీయండి. ఆ రూపాయి ప్రామాణిక బరువు 11.66 గ్రాములు. అరిగిన నాణెం కొంచెం తగ్గుతుంది, కానీ 10 గ్రాముల దగ్గర ఆగితే మాత్రం అమ్మకం ఆపి, ముందు అది అసలుదో కాదో తేల్చుకోండి. చింతపండుతో, టూత్‌పేస్ట్‌తో తోమి మెరిపించి ఫోటో తీయొద్దు. తోమిన నాణెం విలువ పడిపోతుంది, తెలిసినవాళ్లు చూడగానే పట్టేస్తారు.

స్వతంత్ర భారత నాణేలైతే సంవత్సరం కింద ముద్రణాలయం గుర్తు స్పష్టంగా పడాలి. నక్షత్రం ఉంటే హైదరాబాద్, చుక్క ఉంటే నోయిడా. ఒకే ఏడాది నాణేనికి ఆ చిన్న గుర్తును బట్టే ధర మారిపోయే సందర్భాలున్నాయి. స్టాంపులైతే వెనకవైపు జిగురు, పళ్ల అంచులు తప్పకుండా చూపించండి. లోపం ఉంటే మీరే ముందు చెప్పండి.

4. ఎవరు ముందు పంపాలో తేల్చుకోండి

హాబీలో పాత ఆనవాయితీ ఒకటుంది: ఇద్దరిలో కొత్తవాళ్లు ముందు పంపాలి. పది మందికి తెలిసిన అమ్మకందారుకు కొత్త వ్యక్తి ముందు డబ్బు పంపుతారు. కొత్తగా అమ్ముతున్నది మీరే అయితే ముందు వస్తువు పంపమని అడిగినా నొచ్చుకోవద్దు. ఇద్దరూ కొత్తవాళ్లయితే మొదటిసారి కొన్ని వందల రూపాయల లావాదేవీతో మొదలుపెట్టండి. పెద్ద లాట్ అయితే సగం ముందు, ట్రాకింగ్ నంబర్ ఇచ్చాక మిగతా సగం. ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి ఒకరుంటే ఆయన్ని ఒక మాట అడగండి, టెన్షన్ సగం తగ్గుతుంది.

5. డబ్బు అందుకునేటప్పుడు

ఈ మెట్టు దగ్గరే ఎక్కువమంది మోసపోతున్నారు. డబ్బు రావడానికి మీరు ఏ క్యూఆర్‌నూ స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు పోతున్నట్టే. వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులను (డబ్బు పంపమని యాప్‌లో అడిగే అభ్యర్థనలను) యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ నుంచి ఆపేసింది, కాబట్టి “రిక్వెస్ట్ పంపా, ఓకే చేయండి” అనేవాళ్లతో మాట కూడా అనవసరం. స్క్రీన్‌షాట్‌ను నమ్మొద్దు, మీ ఖాతాలో జమ అయిందో లేదో చూడండి.

డబ్బు కొనేవాళ్ల సొంత పేరున్న ఖాతా నుంచే రావాలి. “మా ఫ్రెండ్ పంపిస్తాడు”, “పొరపాటున ఎక్కువ పంపా, మిగతాది ఈ నంబర్‌కు వేయండి” అంటే ఆగిపోండి. అది ఎక్కడో కొట్టేసిన డబ్బు కావచ్చు. పోలీసు ఫిర్యాదు వస్తే ఆ డబ్బు చేరిన మీ ఖాతా కూడా స్తంభించిపోతుంది, దాన్ని విడిపించుకోవడం మామూలు తిప్పలు కాదు. రిమార్క్స్‌లో “గిఫ్ట్” అనో, “చేబదులు” అనో రాయించొద్దు. “1940 రూపాయి, 1” అని ఉన్నదున్నట్టు రాయించండి. రేపు బ్యాంకు అడిగినా, ఆడిటర్ అడిగినా అదే మీకు సాక్ష్యం.

పాత నోట్లు, నాణేలు లక్షలకు కొంటామంటూ ముందు “ఫీజు”, “ట్యాక్స్” కట్టమనే ఫోన్లు వేరే రకం. తమ పేరు చెప్పి ఇలా వసూలు చేస్తున్నారని, తాము ఇలాంటి కొనుగోళ్లు చేయమని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

6. విదేశాల్లో ఉన్నవాళ్లకు అమ్మితే

డల్లాస్‌లోనో, దుబాయ్‌లోనో ఉన్న మనవాళ్లకు ఇక్కడ ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ప్రవాస భారతీయులు మన దేశంలో తెరిచే బ్యాంకు ఖాతాలు) ఉంటే పని తేలిక. అమెరికా, కెనడా, యూకే, ఆస్ట్రేలియా, యూఏఈ, సింగపూర్ లాంటి దేశాల ఫోన్ నంబర్లతోనే ఆ ఖాతాలకు యూపీఐ పెట్టుకునే వీలు 2023 నుంచి వచ్చింది. వాళ్లు అక్కణ్ణుంచి రూపాయల్లో పంపుతారు, మీరు వస్తువును విజయవాడలోని వాళ్ల అమ్మానాన్నల ఇంటికి పంపిస్తే సరి.

విదేశీయులైతే పేపాల్ (ఆన్‌లైన్‌లో డబ్బు పంపే విదేశీ సంస్థ) అంటారు. భారత్‌లో పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి విదేశీ చెల్లింపులకే పరిమితమైంది. ఛార్జీ తప్పించడానికి “ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ” కింద పంపుతామని అవతలివాళ్లు అంటే ఒప్పుకోవద్దు. అమ్మకానికి దాన్ని వాడటం పేపాల్ నిబంధనలకు విరుద్ధం, అలా కట్టినవాళ్లకు కొనుగోలు రక్షణ కూడా ఉండదు. ఆ ఛార్జీని ధరలో కలిపి ముందే చెప్పడం మర్యాద. ఇంకో మాట: వందేళ్లు దాటిన నాణేలు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని దేశం దాటించడం నేరం.

7. ప్యాకింగ్, పోస్టు

నాణేన్ని అట్ట హోల్డర్‌లో పెట్టి, రెండు గట్టి అట్టల మధ్య కదలకుండా టేప్ వేయండి. కవరు ఊపితే చప్పుడు రాకూడదు. స్టాంపులను గ్లాసిన్ (పలుచటి, నున్నని కాగితం) కవరులో పెట్టి, తడి తగలకుండా ప్లాస్టిక్‌లో చుట్టండి. నాణెం చూపించడం నుంచి కవరు అంటించి అడ్రస్ రాసేదాకా కట్ లేకుండా ఒకే వీడియో తీయండి. కొనేవాళ్లనూ కవరు విప్పేటప్పుడు అలాగే తీయమనండి.

రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కాబట్టి కౌంటర్‌లో స్పీడ్ పోస్టే అడిగి, చేతికే అందేలా రిజిస్ట్రేషన్ జత చేయించుకోండి. విలువైనది అయితే ఇన్సూరెన్స్ కూడా చేయించండి. గేట్‌వేకు కట్టని డబ్బులో కొంత దీనికి పెట్టడం దండగ కాదు. రసీదు ఫోటో వెంటనే పంపించి, అవతలివాళ్లు “అందింది, బాగుంది” అనేదాకా వీడియో, రసీదు, చాట్ ఏదీ చెరిపేయకండి.