స్టార్టర్ తిరుగుతుంది, ఇంజిన్ తిరగదు

తాళం తిప్పితే మా పడవ వెనక బిగించిన పాత అవుట్‌బోర్డ్ ఇంజిన్ స్టార్టర్ మోటార్ గిర్రున తిరిగేది, ఇంజిన్ మాత్రం కదిలేది కాదు. మోటార్ అంత జోరుగా తిరుగుతోందంటే బ్యాటరీని అనుమానించక్కర్లేదు. తప్పు డ్రైవ్‌లోనే, అంటే మోటార్ తిరుగుడును ఇంజిన్‌కు అందించే భాగంలోనే. మోటార్ ఒక్కసారిగా తిరిగినప్పుడు పినియన్ (మోటార్ షాఫ్ట్ మీది చిన్న పళ్ల చక్రం) జడత్వం వల్ల వెనకబడి, షాఫ్ట్ మీది మెలి గాడుల వెంట పైకెక్కి ఫ్లైవీల్ (ఇంజిన్ పెద్ద చక్రం) పళ్లను పట్టుకోవాలి. ఆ గాడుల్లో పాత గ్రీజు, ఉప్పు కలిసి గట్టిపడ్డాయి.

ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేశాను. పైనున్న నట్టు విప్పి స్ప్రింగ్, పినియన్ బయటకు తీశాను. స్ప్రింగ్ ఎగిరి నీళ్లలో పడే రకం, చెయ్యి అడ్డం పెట్టాలి. కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టి, పల్చటి నూనె కొద్దిగా రాశాను. గ్రీజు దట్టంగా పూయమనేవాళ్లుంటారు. వినొద్దు, మళ్లీ మట్టి పట్టేస్తుంది. పళ్ల అంచులు కాస్త అరిగాయి గానీ విరగలేదు, అదే పినియన్ వేశాను. ఇప్పుడు టక్కున పట్టుకుంటోంది.