చదువు, ఆదాయం, పీటీఎస్‌డీ: సర్వేలో లెక్క ఎక్కడ తప్పుతుంది

చదువు, ఆదాయం తక్కువగా ఉన్నవాళ్లలో పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటన ఎదురయ్యాక పట్టుకుని వదలని మానసిక జబ్బు) ఎక్కువని చాలా సర్వేల్లో తేలింది. దాన్ని మీరూ పరీక్షించదలిస్తే ముందు రెండు ప్రశ్నలు విడదీయండి. ఘోరమైన సంఘటన ఎవరికి ఎదురైంది? ఎదురైనవాళ్లలో జబ్బు ఎవరికి వచ్చింది? ప్రమాదకరమైన పనులు, భద్రత లేని ఇళ్లు పేదల వాటాకే ఎక్కువ వస్తాయి కాబట్టి, జనాభానంతా ఒకే గాటన కడితే ఈ రెండూ కలిసిపోతాయి. అసలు పోలిక సంఘటన ఎదురైనవాళ్ల మధ్యే ఉండాలి.

లక్షణాలు కొలవడానికి పీసీఎల్-5 అనే ప్రశ్నావళి సరిపోతుంది. 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 80. మామూలుగా 31–33 దగ్గర గీత గీస్తారు. గీత దాటినంత మాత్రాన జబ్బు ఖాయమైనట్టు కాదు, నిపుణులు మాట్లాడి తేల్చాలి. సంఘటన జరిగి నెల తిరగకముందే అడగొద్దు. కాగితం చేతికిచ్చి నింపమనొద్దు కూడా: ప్రశ్న అర్థంకాక పెట్టిన టిక్కు లక్షణమై కూర్చుంటుంది. అందరికీ చదివి వినిపించండి. చదువురానివాళ్లకే వినిపిస్తే ఆ తేడా మీరు తెచ్చిపెట్టిందే అవుతుంది.

ఇంటి ఆదాయాన్ని ఇంట్లోవాళ్ల సంఖ్య వర్గమూలంతో భాగించండి. నలుగురికి 40,000 వస్తుంటే, 2తో భాగించి 20,000గా రాసుకోవాలి. ఇంతవరకూ సులువే. ఎక్కువమంది బోల్తా పడేది ఏనాటి ఆదాయం అడగాలన్న దగ్గర. నిద్రలేక, పనికి పోలేక ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఇవాళ్టి ఆదాయం జబ్బు ఫలితం. దాన్ని కారణాల గడిలో వేస్తే లెక్క తలకిందులవుతుంది. సంఘటనకు ముందు ఏడాది ఆదాయం అడగండి. పెద్దయ్యాక సంఘటన ఎదురైనవాళ్ల చదువు విషయంలో ఈ చిక్కు తక్కువ. చిన్నప్పుడే ఎదురైతే బడి మానడానికీ అదే కారణం కావచ్చు, కాబట్టి అప్పటి వయసు తప్పక రాసుకోవాలి.

విశ్లేషణలో వయసు, లింగం, బాల్యపు కష్టాలు, సంఘటన తీవ్రత ముందే చేర్చండి. చదువునూ ఆదాయాన్నీ విడివిడిగా ఒకసారి, కలిపి ఒకసారి చూడండి. తర్వాత వచ్చిన డబ్బు ఇబ్బందుల్ని మాత్రం మొదటే కలపొద్దు. పేదరికం దెబ్బతీసే దారుల్లో అదొకటి; దాన్ని కలిపేసి ఆదాయం ప్రభావమే లేదనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు.

ఫలితం చిన్నదిగా వస్తే కంగారు పడక్కర్లేదు. 2000లో క్రిస్ బ్రూయిన్ బృందం 77 అధ్యయనాలను కలిపి చూస్తే సగటు ప్రభావం (0 అంటే సంబంధమే లేదు, 1 అంటే పూర్తి సంబంధం) తక్కువ చదువుకు 0.10, తక్కువ ఆర్థిక స్థాయికి 0.14 వచ్చింది. అదే తోడు లేకపోవడానికి 0.40, తర్వాతి జీవిత ఒత్తిళ్లకు 0.32. అందుకే ప్రశ్నాపత్రంలో ఎక్కువ చోటు సంఘటన తర్వాతి నెలలకివ్వాలి: జీతంతో సెలవు దొరికిందా, అప్పు చేశారా, ఇల్లు మారాల్సి వచ్చిందా, మనసు విప్పి చెప్పుకునే మనిషి ఒక్కరైనా ఉన్నారా, డబ్బులేక చికిత్స మధ్యలో ఆపేశారా.