థర్మల్ స్ట్రెస్ లెక్కలో ముందు చూడాల్సింది ఎంత సాగకుండా ఆగిందో

థర్మల్ స్ట్రెస్ (వేడి వల్ల వస్తువు లోపల చదరపు మి.మీ.కి పుట్టే బలం) లెక్క కనపడగానే చాలామంది E (యంగ్స్ మాడ్యులస్, అంటే మెటీరియల్ ఎంత గట్టిగా సాగకుండా ఉంటుందో) ఇంటూ ఆల్ఫా (డిగ్రీకి పొడవులో ఎంత వంతు సాగుతుందో) ఇంటూ డెల్టా టీ (టెంపరేచర్ మార్పు) అని రాసేసి నంబర్లు వేసేస్తారు, తప్పు అక్కడే మొదలవుతుంది. వేడెక్కినంత మాత్రాన స్ట్రెస్ రాదండి, సాగాల్సింది సాగనివ్వకపోతేనే వస్తుంది. రాడ్డు ఒక చివర ఫ్రీగా ఉంటే అంతా సమానంగా 100 డిగ్రీలు పెంచినా స్ట్రెస్ సున్నానే.

అందుకే ముందు ఫ్రీగా ఎంత సాగేదో కట్టండి. 2 మీటర్ల స్టీల్ రాడ్డు, 50 డిగ్రీలు పెరిగింది, ఆల్ఫా 12×10⁻⁶ అనుకుంటే 12×10⁻⁶ × 2000 × 50 = 1.2 మి.మీ. గోడకి ముందు 0.5 మి.మీ. గ్యాప్ ఉంటే ఆగింది 0.7 మాత్రమే. స్ట్రెయిన్ (పొడవులో ఎంత వంతు మార్పో) 0.7/2000, దాన్ని స్టీల్ E అంటే 2×10⁵ తో గుణిస్తే 70 న్యూటన్లు పర్ చదరపు మి.మీ., కంప్రెషన్ (నొక్కుడు). గ్యాప్ లేకపోతే 120 వచ్చేది. గ్యాప్ లేనప్పుడు పొడవు కొట్టేసుకుపోతుంది, ఉన్నప్పుడు పోదు, ఇది గుర్తుంచుకోండి. గ్యాప్ 1.2 కంటే ఎక్కువుంటే రాడ్డు గోడని తాకనే తాకదు, స్ట్రెస్ సున్నా, మైనస్ ఆన్సర్ రాయకండి.

అసలు తికమక కాంపౌండ్ బార్లతోనే. స్టీల్, రాగి రెండూ చివర్లలో ఒకదానికొకటి బిగించి వేడిచేస్తే రాగి ఎక్కువ సాగాలనుకుంటుంది, స్టీల్ వెనక్కి లాగుతుంది, అందుకే రాగిలో కంప్రెషన్, స్టీల్‌లో టెన్షన్ (లాగుడు), చల్లబరిస్తే రివర్స్. ఈ బొమ్మ గీసుకోకుండా ఈక్వేషన్ మొదలుపెట్టొద్దు, ప్లస్ మైనస్‌లు ఖచ్చితంగా తారుమారవుతాయి. కావాల్సినవి రెండే: బయటి లోడ్ లేదు కాబట్టి రెండిట్లో ఫోర్స్ సమానం, బిగించారు కాబట్టి చివరికి సాగింది కూడా సమానం.

రెండిటి ఏరియా ఒకటే, రాగికి ఆల్ఫా 18×10⁻⁶, E 1×10⁵ ఇచ్చారు, మళ్ళీ 50 డిగ్రీలే అనుకోండి. ఫ్రీ స్ట్రెయిన్ల తేడా 6×10⁻⁶ × 50 = 3×10⁻⁴, దాన్ని రెండు 1/E ల మొత్తం 1.5×10⁻⁵ తో భాగిస్తే స్ట్రెస్ 20. ఏరియాలు వేరైతే స్ట్రెస్‌లు కూడా వేరు, అప్పుడు సమానమయ్యేది ఫోర్స్ మాత్రమే.

ఆన్సర్ వచ్చాక ఒక్క నిమిషం చెక్ చేయండి: రాగి ఫ్రీ స్ట్రెయిన్ 9×10⁻⁴ లోంచి స్ట్రెస్ వల్ల తగ్గిన 2×10⁻⁴ (20ని రాగి E తో భాగిస్తే) తీస్తే 7×10⁻⁴, స్టీల్ ఫ్రీ స్ట్రెయిన్ 6×10⁻⁴ కి స్ట్రెస్ వల్ల పెరిగిన 1×10⁻⁴ కలిపితే అదే 7×10⁻⁴. ఈ రెండూ కలవకపోతే ఎక్కడో గుర్తు తప్పింది, మళ్ళీ బొమ్మ దగ్గరికి వెళ్ళండి.